భోజన హోటళ్లలో సరుకుల ఆర్డరు నిర్వహణ: నిల్వ, కాలం, వృథా

ఉపోద్ఘాతం

హోటల్ వ్యాపారంలో లాభనష్టాలు గల్లాపెట్టె దగ్గర కనిపిస్తాయి. వాటికి మూలం మాత్రం సరుకుల గదిలో ఉంటుంది. ఏ సరుకు, ఎంత, ఎప్పుడు తెప్పించాలన్న ప్రశ్నలకు చాలా చిన్న హోటళ్లలో వంటమాస్టరు కంటి అంచనాయే సమాధానం. డబ్బా అడుగంటినప్పుడు చీటీ రాసే ఈ పద్ధతికి గల పరిమితులను, దాని స్థానంలో పాటించదగిన లెక్కను తెలుగు ప్రాంతపు శాకాహార హోటళ్ల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. సరుకుల విభజన

నిల్వకాలాన్ని బట్టి సరుకులు మూడు విధాలు. బియ్యం, పప్పులు, నూనె, ఎండుమిర్చి వారాల తరబడి నిలుస్తాయి. ఉల్లి, బంగాళాదుంప వంటివి కొన్నాళ్లు ఆగుతాయి. పాలు, పెరుగు, ఆకుకూరలు ఏ రోజుకారోజు చూసుకోవలసినవి. ఈ మూడింటికీ ఒకే పద్ధతిలో ఆర్డరు ఇవ్వడమే మొదటి లోపం.

2. ఎప్పుడు తెప్పించాలి?

ఒక హోటల్‌లో రోజుకు 12 కిలోల మినపప్పు వాడతారనీ, ఆర్డరిచ్చిన 2 రోజులకు సరుకు చేరుతుందనీ అనుకుందాం. ఆ రెండు రోజుల వాడకం 24 కిలోలు. సరుకు ఆలస్యమైనా, రద్దీ పెరిగినా ఆదుకోవడానికి మరో రోజు వాడకం, అంటే 12 కిలోలు, అదనంగా ఉండాలి. కాబట్టి నిల్వ 36 కిలోలకు దిగినప్పుడే ఆర్డరివ్వాలి. కంటికి అది ‘ఇంకా చాలా ఉన్నట్టే’ కనిపిస్తుంది. కంటి అంచనా విఫలమయ్యేది ఇక్కడే.

వంటశాలకు సొంత గడువు కూడా ఉంది. పప్పు నానడానికి కొన్ని గంటలు, పిండి పులియడానికి ఒక రాత్రి పడతాయి. ఆదివారం ఉదయపు ఇడ్లీకి కావలసిన పప్పు శనివారమే చేతిలో ఉండాలి. అందువల్ల వాడకాన్ని ఇడ్లీ అమ్మే వేళ నుంచి కాక, పప్పు నానబోసే వేళ నుంచి లెక్కించాలి.

3. ఎంత తెప్పించాలి?

తరచుగా తెప్పిస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది. ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే పెట్టుబడి సరుకులో చిక్కుకుంటుంది. ఈ రెండు ఖర్చులనూ సమతూకం చేసే సూత్రాన్ని 1913లో ఫోర్డ్ డబ్ల్యు. హారిస్ ప్రతిపాదించాడు. బియ్యం, పప్పుల వంటి నిల్వ సరుకులకు అది ఉపకరిస్తుంది.

త్వరగా పాడయ్యే సరుకులకు వేరే తర్కం కావాలి. నిర్వహణశాస్త్రంలో దీన్ని వార్తాపత్రికల విక్రేత సమస్యగా వివరిస్తారు. మిగిలితే కలిగే నష్టమెంత, చాలకపోతే కలిగే నష్టమెంత అన్నదే ఇందులో ప్రశ్న. పెరుగు లేని భోజనాన్ని తెలుగు భోక్త పూర్తి భోజనంగా అంగీకరించడు. పెరుగు కొద్దిగా మిగిలినా, సరిగా భద్రపరిస్తే మజ్జిగపులుసుకు పనికొస్తుంది. కనుక దాన్ని అంచనాకు కొంచెం మించి తెప్పించడం సమంజసం. కొత్తిమీర చాలకపోయినా భోజనం ఆగదు, మిగిలితే వాడిపోతుంది. దాన్ని అంచనాకు లోబడి తెప్పించడమే మేలు.

4. ఋతువు, పంచాంగం

ఋతువును బట్టి సరుకు సమకూర్చుకోవడం తెలుగువారికి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలంలో వడ్డించేవాటిలో వడియాలు, వరుగులు ఉన్నాయి. ఎండలున్నప్పుడే ఎండబెట్టి దాచుకున్నవే వానల్లో విస్తరిలోకి వస్తాయి.

నేటి హోటళ్లకూ ఈ ముందుచూపు అవసరమే. కార్తీకమాసంలో చాలామంది మాంసాహారం మానడం వల్ల శాకాహార భోజనానికి గిరాకీ పెరుగుతుంది. అయితే కార్తీకం ఏటా ఒకే ఇంగ్లీషు తేదీన మొదలుకాదు. నిరుటి అదే తేదీ అమ్మకాలతో పోల్చితే అంచనా తప్పుతుంది. పోలిక తిథుల ప్రకారం జరగాలి. ఆర్డరు పుస్తకంలో తేదీ పక్కన తిథి, పండుగ, వారం కూడా నమోదు చేయడం ఇందుకు సులభమైన ఉపాయం.

5. సరుకు చేరిన తరువాత

వచ్చిన సరుకును తూచి, తేదీ రాసి, పాతదాన్ని ముందుకు, కొత్తదాన్ని వెనుకకు సర్దాలి. ముందు వచ్చినది ముందు వాడాలన్న ఈ నియమం పాటించకపోతే సంచుల అడుగున సరుకు పురుగు పడుతుంది. ఎంత వాడారో, ఎంత పారవేశారో విడివిడిగా రాయాలి. రెండింటినీ కలిపి వాడకంగా చూపితే వృథా కూడా మరుసటి ఆర్డరులో చేరిపోతుంది.

ముగింపు

సరుకు చాలకపోతే భోక్త వెనుదిరుగుతాడు. మితిమీరి మిగిలితే, పారవేయడానికి మనసొప్పని యజమానికి దాన్ని వంటలోకి పంపాలన్న ప్రలోభం కలుగుతుంది. అప్పుడు నష్టం యజమాని లెక్కల పుస్తకాన్ని దాటి భోక్త ఆరోగ్యానికి చేరుతుంది. సురక్షితం కాని ఆహారం అమ్మడం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం నేరం. ఆ స్థితి రాకుండా నివారించే అవకాశం తనిఖీ కంటే ముందే, ఆర్డరు చీటీ రాసే వేళలోనే ఉంది. అందువల్ల సరుకుల ఆర్డరును వ్యాపార మెలకువగా మాత్రమే కాక, భోక్త పట్ల బాధ్యతగానూ పరిగణించాలి.