యానాములో రెండు భాషలు

గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడ, కోనసీమ జిల్లాల నడుమ, యానాము అను చిన్న పట్టణము కలదు. దాని విస్తీర్ణము ఇంచుమించు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టుపట్ల పల్లెలలో వినబడు తెలుగే ఆ ఊరిలోను వినబడును. అయినను యానాము ఆంధ్రప్రదేశములోనిది కాదు. ఎంతో దూరముననున్న పుదుచ్చేరి ప్రాంతములోనిది. దీనికి కారణము ఫ్రెంచివారు. వారు 1723లో ఇచట వర్తకస్థానమును నెలకొల్పిరి, 1727లో విడిచిపోయిరి, మరల 1731లో వచ్చిరి. నడుమ నడుమ ఆంగ్లేయుల వశమైనను, 1954 వరకు ఆ ఊరు ఫ్రెంచివారిదే. వారు దానిని ‘యనఓఁ’ అని పిలిచెడివారు.

ఇట్లు రెండువందల యేండ్లకు పైగా ఇంటిలో తెలుగు, కచేరిలో ఫ్రెంచి. పొలము చేతులు మారినను, బిడ్డ పుట్టినను, తగవు వచ్చినను, మాట ఒక భాషనుండి మరియొక భాషలోనికి దాటవలసి వచ్చుచుండెను. దాటించువానికి దుబాసి యని పేరు. రెండు భాషలు తెలిసినవాడని ఆ మాటకు అర్థము. ఇట్టివాని పని తేలిక కాదు. ఎందువలన కాదో తెలియవలెనన్న, ఆ రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను.

మొదట చెవికి తోచునది చూతము. తెలుగువాడు వ్రాసినదెల్ల పలుకును. ఫ్రెంచివాడు వ్రాసినదానిలో కొంత మ్రింగివేయును. పదాంతమునందలి హల్లులు పెక్కింటికి కాగితముపైననే గాని నోటియందు చోటు లేదు. కాని ఆ మాటకు వెనుక అచ్చు వచ్చెనా, మూగయైన హల్లు మేల్కొనును. ‘లే’ అను బహువచన చిహ్నమునకు ‘ఆమీ’, అనగా మిత్రుడు, అను పదము చేరినచో ‘లేజామీ’ యగును. వ్రాతలో దాగియున్న సకారము జకారమై వినబడును. ఏకవచనములోనైతే ‘ల’ యొక్క అచ్చు జారిపోయి ‘లామీ’ యగును. రాముడు, ఇతడు కలిసి ‘రాముడితడు’ అగుటకును దీనికిని భేద మెంత? సంధి యనగానే జడియు విద్యార్థులకు ఈ సంగతి కొంత ఊరట. పారిసు నగరపు బాలునికిని సంధి తప్పదు! మరియు, మన పూర్వులు ముక్కుతో పలికిన అరసున్న నేడు మన నోట లేదు. ఫ్రెంచివారి నోట అట్టి ధ్వని నేటికిని నిలిచియున్నది.

వాక్యములో మాత్రము త్రోవలు వేరు. మనము క్రియను చివర నిలుపుదుము. వారు నడుమ నిలుపుదురు. మనము ‘యానాములో’ అని విభక్తిని వెనుక చేర్తుము. వారు దానిని ముందు పెట్టుదురు. లింగము సంగతి మరియు వింతైనది. ఫ్రెంచిలో ప్రాణము లేని వస్తువులకు సైతము స్త్రీపురుష భేదము కలదు. బల్ల స్త్రీ, పుస్తకము పురుషుడు. మన పిల్లలు మామయని పిలుచు చందమామ అచట స్త్రీలింగము. సముద్రములో కలియు మహానదిని చెప్పు ‘ఫ్లవ్’ అను పదము పుంలింగము. గోదావరిని తల్లియని మ్రొక్కువారికి ఇది మ్రింగుడుపడని మాట.

మర్యాదయందు రెండు భాషలకును పొత్తు కుదిరినది. మన ‘నీవు, మీరు’ వలెనే వారికి ‘త్యు, వు’ కలవు. ఒక్కనినే గౌరవముతో బహువచనమున పిలుతురు. కాని ఎదుట లేని పెద్దను మనము ‘వారు’ అందుము. ఫ్రెంచిలో గవర్నరైనను గాడిదయైనను ‘ఇల్’ అనియే.

ఇక దుబాసికి నిజమైన చిక్కు వచ్చుచోటు. తెలుగున ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. న్యాయస్థానములో ఒక రైతు తన ప్రతివాదిని చూచి “ఈ గట్టు మేము కట్టితిమి” అనెననుకొందము. ప్రతివాదికి అందులో పాలు లేదని భావము. “మనము కట్టితిమి” అనినచో పాలున్నదని ఒప్పుకొన్నట్లే. ఫ్రెంచిలో రెండింటికిని ‘ను’ అను ఒక్కటే మాట. దుబాసి మెలకువతో నాలుగు మాటలు చేర్చి చెప్పినచో సరి; లేనిచో గట్టుపై హక్కు ఆ చిన్న మాటలో కొట్టుకొనిపోవును. బంధుత్వములు ఇంకను కష్టము. పెదతండ్రి, పినతండ్రి, మేనమామ మువ్వురును ఫ్రెంచిలో ‘ఓఁక్ల్’. వారి కుమార్తెలందరును ‘కుజీన్’. తెలుగింట మేనమామ కుమార్తె మరదలు, పినతండ్రి కుమార్తె చెల్లెలు. ఈ భేదము తెలియని దొరకు మన పెండ్లి సంబంధమును వివరించుట ఎంతటి శ్రమయో ఊహించుకొనవచ్చును.

ఇంత దూరముగా కనబడు ఫ్రెంచి మనకు పరిచితమైన మరియొక భాషకు చుట్టము. అంకెలు చూడుడు. ఫ్రెంచిలో రెండు ‘దొ’, మూడు ‘త్ర్వా’, ఏడు ‘సెత్’, తొమ్మిది ‘నఫ్’, పది ‘దీస్’. పంచాంగము తెలిసిన ముసలమ్మ ఈ మాటలు వినినచో విదియ, తదియ, సప్తమి, నవమి, దశమి గుర్తునకు తెచ్చుకొనును. ఈ తిథుల పేర్లు సంస్కృతమునుండి వచ్చినవి. లాటిను భాషకు బిడ్డయైన ఫ్రెంచియు, సంస్కృతమును ఒకే కుటుంబములోనివి.

ఈ సంగతిని ముందుగా గుర్తించినవారిలో తెలుగు నేర్చిన ఫ్రెంచి మతాచార్యు డొకడు కలడు. ఆయన పేరు గస్తోఁ లొరాఁ కేర్దూ (1691–1779). ఆయన తెలుగు దేశమున పెక్కేండ్లు వసించి, తెలుగు, ఫ్రెంచి పదములతో నిఘంటువును కూర్చెను. 1767లో పారిసులోని విద్వత్పరిషత్తునకు లేఖ వ్రాయుచు, సంస్కృతపు ‘దానం’ లాటినులో ‘దోనుం’ అగుటయు, ‘విధవ’ ‘విదువ’ అగుటయు ఎట్లు జరిగెనని ప్రశ్నించెను. దురదృష్టవశమున అది 1808లోగాని అచ్చు కాలేదు. ఈలోగా 1786లో కలకత్తాయందు విలియం జోన్సు అట్టి అభిప్రాయమునే ప్రకటించి కీర్తి గడించెను.

మరి తెలుగు మాట? మన రెండు, మూడు, ఏడు, పది ఆ వరుసలో ఇమడవు. అవి తమిళపు ఇరండు, మూన్రు, ఏళు, పత్తులకు తోబుట్టువులు. తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు, దక్షిణభాషలతో కూడినదనియు 1816లో మద్రాసునందు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు నిరూపించెను. గోదావరి ఎగువ అడవులలోని కోయభాషయు ఈ కుటుంబములోనిదే. కనుక ఎరువు తెచ్చుకొన్న మాటలు వేలకొలదియున్నను, చుట్టరికమును తేల్చునవి అంకెలు, సర్వనామములు, క్రియారూపములు.

1954 నవంబరు 1వ తేదీన యానాము పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడెను. 1956లో కుదిరిన సంధిపత్రములో, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండునని వ్రాసికొనిరి. అది 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చెను. పిదప 1965లో చేసిన శాసనము యానాములో తెలుగును అధికార కార్యములందు వాడవచ్చునని పలికినది. రైతు ‘మేము’ అనిన మాట ‘మేము’ గానే కాగితమునకు ఎక్కుటకు వీలు కలిగెను.

ఫ్రెంచి మాటలు యానాము దాటి మనలను చేరకపోలేదు. అయితే వచ్చిన త్రోవ ఇంగ్లీషు. కూపను, గ్యారేజి, రెస్టారెంటు అట్టివే. డిపో యను మాటయు ఫ్రెంచిదే. ఫ్రెంచివారు దాని చివర టకారమును వ్రాయుదురు గాని పలుకరు. రాజమహేంద్రవరములో బస్సుకై పోవు పల్లెటూరి అవ్వ ఫ్రెంచి నేర్వలేదు; అయినను ఆ టకారమును ఆమెయు పలుకదు.