చవకగా కెమెరా బ్యాగు: మనమే చేసుకుందాం

ఈ ఎపిసోడ్ నిజాంసాగర్ కట్ట మీద నుంచి చేస్తున్నా. గాలి శబ్దం వస్తుంటే కొంచెం సర్దుకోండి. 1931లో మంజీర మీద పూర్తయిన ప్రాజెక్టు ఇది. గేట్లు ఎత్తారంటే చాలు, బాన్సువాడ చుట్టుపక్కల కెమెరా ఉన్న పిల్లలంతా బైకులేసుకుని ఇక్కడే ఉంటారు. కెమెరా ఎట్లా తెస్తారంటే, టవల్‌లో చుట్టి స్కూలు బ్యాగులో పడేసి. పెళ్లిళ్లకు ఫోటోలు తీసి, రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న కెమెరా అది. కింద పడితే రిపేరు ఖర్చొక్కటే కాదు, అడ్వాన్సు తీసుకున్న పెళ్లి సంగతేంటి?

కంపెనీ బ్యాగు కొనగలిగితే కొనుక్కోండి, నేను వద్దనను. కానీ ఐదారు వందల్లో అంతే గట్టి రక్షణ మనమే చేసుకోవచ్చు.

ముందు ప్యాడింగ్ ఏం చేస్తుందో చూద్దాం. కెమెరా మీటరు ఎత్తు నుంచి పడిందనుకోండి. గచ్చు మీద ఒక్క మిల్లీమీటరులో ఆగిపోతే, దాని బరువుకు సుమారు వెయ్యి రెట్ల దెబ్బ తగులుతుంది. ఆగడానికి 10 మిల్లీమీటర్లు దొరికితే దెబ్బ వంద రెట్లకు దిగుతుంది. ప్యాడింగ్ ఇచ్చేది ఆ కాస్త దూరమే. అందుకే దిండు స్పాంజి పనికిరాదు. వేలితో నొక్కి చూడండి, అవతలి బల్ల వేలికి తగులుతుంది. కెమెరాకూ అట్లాగే తగులుతుంది. పైగా నీళ్లు పీలుస్తుంది. యోగా మ్యాట్ మేలు. దాంట్లో గాలి గదులు మూసుకుని ఉంటాయి, నీళ్లు పట్టవు. 10 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల ఫోమ్ షీటు ఉంటే ఇంకా మంచిది, ఖర్చే లేదు. థర్మోకోల్ మాత్రం వద్దు. విరిగి పొడి రాలుతుంది, రబ్బరు బంక తగిలితే కరిగిపోతుంది.

పైన బ్యాగు ఏదైనా సరే, పాత స్కూలు బ్యాగే నాకిష్టం. లోపల కెమెరా ఉందని బస్సులో ఎవరికీ తెలియదు. మనం చేసేది దాంట్లో కూర్చునే పెట్టె. కెమెరాను లెన్సుతో సహా కొలిచి, ముందు అట్టముక్కతో పెట్టె చేసి కెమెరా పెట్టి చూడండి. అది సరిపోయాకే ఫోమ్ కోయండి. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు పెట్టి రెండు మూడు గీతల్లో తెగాలి. ఒక్కసారే గట్టిగా లాగితే అంచు వంకర పోతుంది.

అసలు విషయం అడుగు భాగం. లెన్సు కిందికి ఉండేలా పెడతాం కదా, చాలామంది లెన్సు మూతినే అడుగున ఆనిస్తారు. బ్యాగు ఎత్తేసినప్పుడల్లా ఆ దెబ్బంతా లెన్సు బాడీకి కలిసే చోట పడుతుంది. అందుకని లెన్సుకు అటూ ఇటూ ఫోమ్ దిమ్మెలు నిలబెట్టండి. బాడీ భుజాలు వాటి మీద కూర్చోవాలి, లెన్సు మధ్యలో వేలాడాలి, కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. గ్రిప్పు వైపు దిమ్మె వెడల్పుగా వస్తుంది, రెండోది సన్నగా. అడుగున రెండు పొరలు, పక్కలకు ఒకటి చాలు.

చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు బంక రెండు ముక్కలకూ రాసి, తడి ఆరి చేతికి అంటనప్పుడు అతికించండి. ఒకసారి అంటుకుంటే జరపలేరు, చూసుకుని పెట్టండి. వాసన పూర్తిగా పోయేదాకా రెండ్రోజులు గాలికి పెట్టాకే కెమెరా లోపల పెట్టాలి. పైన నున్నటి లైనింగు గుడ్డ వేయించండి. పాత టవల్ వేస్తే దాని నూగు సెన్సరు మీదికి చేరుతుంది. వెల్‌క్రో కుట్టించండి, అతికించే రకం మే నెల ఎండకు ఊడొస్తుంది. కుట్టుమిషను లేకపోతే టైలరన్న పది నిమిషాల్లో చేసిస్తాడు.

బ్యాగును వీపుకే తగిలించుకోండి. ట్యాంకు మీద పెడితే గతుకులన్నీ కెమెరాకే, వీపు మీదైతే సగం మన ఒళ్లు తీసుకుంటుంది. వానలో తడిస్తే ఇంటికి రాగానే కెమెరా తీసేసి బ్యాగు ఆరబెట్టండి. తేమలో మూసిపెడితే లెన్సుకు ఫంగస్ పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసుకోవచ్చు, కానీ తేమ పీల్చేసినవి ఉత్త పొట్లాలే.

కెమెరా పెట్టే ముందు ఒక పరీక్ష. అంతే బరువున్న ఇటుక ముక్కను గుడ్డలో చుట్టి లోపల పెట్టి, మోకాలి ఎత్తు నుంచి గచ్చు మీదికి వదలండి. "ధబ్" మంటే సరే. "టక్" మంటే అడుగున ఇంకో పొర వేయండి.