రంగుకు కళ్ళెం

పిల్లలూ, ఒక గ్లాసు నిండా మజ్జిగ పోసుకుని, దాన్ని మరో గ్లాసులోకి చాలా మెల్లిగా వంచి చూడండి. మజ్జిగ ధారగా పడదు. అంచు దాటగానే వెనక్కు తిరిగి, గ్లాసును అంటుకునే జారి, మీ చేతి మీదుగా మోచేతి దాకా వస్తుంది. అదే గ్లాసును ధైర్యంగా వంచితే చక్కగా ధార కడుతుంది. కాని ఆపేటప్పుడు మళ్ళీ తంటాయే. చివరి చుక్క అంచున వేళ్ళాడుతూ ఉండి, మనం చూడనప్పుడు కింద పడుతుంది.

ద్రవాన్ని పొయ్యటం ఎవరికైనా వచ్చు. కావలసినంతే పొయ్యటం, కావలసిన క్షణాన ఆపటం కష్టం. మజ్జిగ అయితే అమ్మ నాలుగు చివాట్లు పెట్టి గుడ్డతో తుడిచేస్తుంది. రంగుతో అట్లా కుదరదు. కారు మీద రంగు ఎంత మందం ఉంటుందో తెలుసా? మూడు నాలుగు పొరలు వేసినా, అన్నీ కలిపి మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఒక లావుపాటి తలవెంట్రుక అంత! ఇంతకు బాగా మించితే రంగు బొట్లు కట్టి కిందికి కారుతుంది. తగ్గితే తడి లోపలికి దిగి ఇనుము తుప్పు పడుతుంది. ఇంత పల్చని పొరను హెచ్చుతగ్గులు లేకుండా, రోజంతా, వందల బళ్ళకు వెయ్యాలి. అందుకు మనుషులు పన్నిన ఉపాయాలు చాలా గమ్మత్తుగా ఉంటాయి.

అన్నిటికన్నా పాత ఉపాయం కుంచె. కృష్ణానది ఒడ్డుకు దగ్గరలో ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలను మక్కుతో అతికించి, మేకవెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ మీది సన్నగీత చూశారూ? దాన్ని గీసిన కుంచెలో వెంట్రుకల మధ్య సందులున్నాయి. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే రంగు ఆ సందుల్లోకి ఎక్కి నిలుస్తుంది. కుంచెను వత్తితే దిగుతుంది. ఎత్తితే ఆగుతుంది. అంటే కుంచె ఒక కవాటమన్నమాట. దాన్ని తెరిచేవీ, మూసేవీ వేళ్ళు. వాకిట్లో ముగ్గు పెట్టేవాళ్ళ బొటనవేలు, చూపుడువేలు చేసే పని కూడా ఇట్లాంటిదే. ఆ వేళ్ళ నేర్పును ఇనుముకూ ఇత్తడికీ నేర్పటమే ఈ కథంతా.

అమెరికాలో చికాగో నగరంలో మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద దుకాణం ఉండేది. 1887 ప్రాంతంలో దాని నేలమాళిగ గోడలకు వెల్ల వెయ్యవలసి వచ్చింది. కుంచెలతో వేస్తే ఎన్నాళ్ళు పడుతుందో! ఆ భవనం బాగోగులు చూసే జోసెఫ్ బింక్స్ అనే ఆయన చేతిపంపు ఒకటి అమర్చి, వెల్లను గొట్టంలోంచి గోడ మీదికి చిమ్మించాడు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పెద్ద పెద్ద భవనాలకు తెల్లరంగు వేసింది కూడా ఇట్లా చిమ్మే పద్ధతిలోనే. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిందే.

బింక్స్ పంపు వెల్లకు సరిపోయింది గాని, నున్నని రంగుకు పనికిరాదు. తుంపరలు లావుగా పడతాయి. సన్నని తుంపర ఉపాయం రంగులవాళ్ళ దగ్గరనుంచి రాలేదు. ఒక గొంతు వైద్యుడి దగ్గరనుంచి వచ్చింది! ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో ఎలెన్ డివిల్‌బిస్ అనే డాక్టరు రోగుల గొంతులో మందు పూసేందుకు, రబ్బరు బుడ్డి నొక్కితే మందు మంచులాగా వచ్చే సాధనం 1888 ప్రాంతంలో తయారుచేశాడు. దాన్ని ఆయన కొడుకు థామస్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగు పనికి మార్చాడు. అదే స్ప్రేగన్. సైకిళ్ళకూ బీరువాలకూ రంగు వేసే షెడ్లలో మీరు చూసే ఉంటారు.

దీని కీలకం ఇంట్లోనే చూడవచ్చు. గ్లాసు నీళ్ళల్లో ఒక స్ట్రా నిలువుగా పట్టుకోండి. రెండో స్ట్రాను అడ్డంగా, మొదటిదాని కొసకు తగిలీ తగలకుండా పెట్టి గట్టిగా ఊదండి. నిలువు స్ట్రాలో నీళ్ళు పైకి ఎక్కి తుంపరలై ఎగురుతాయి. మీరు ఊదిన గాలి స్ట్రా కొస దగ్గరి గాలిని తనవెంట లాక్కుపోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. గ్లాసులోని నీటి మీద ఉన్న గాలి ఒత్తిడి మాత్రం తగ్గలేదు గనక అది నీటిని పైకి నెడుతుంది.

అయితే స్ప్రేగన్‌లో నాకు నచ్చింది ఈ తుంపర కాదు, దాని మీట. గన్ మూతిలో చిన్న రంధ్రం ఉంటుంది. కారు పైపూతకు 1.3, 1.4 మిల్లీమీటర్లది వాడతారు. అడుగుపూత చిక్కగా ఉంటుంది గనక దానికి మరికాస్త పెద్దది కావాలి. ఆ రంధ్రాన్ని లోపలినుంచి ఒక ఉక్కుసూది మూసి ఉంచుతుంది. మీట కొంచెం నొక్కితే గాలి మాత్రమే వస్తుంది. ఇంకా నొక్కితే సూది వెనక్కు జరిగి రంగు వస్తుంది. వదిలేటప్పుడు ముందు రంగు ఆగి, తరవాత గాలి ఆగుతుంది. ఇందులో ఉన్న గడుసుదనం గమనించారా? గాలి లేనప్పుడు రంగు వస్తే అది తుంపర కాదు, బొట్టు! అంచేత రంగు ఎప్పుడు వచ్చినా గాలి అక్కడ ముందే సిద్ధంగా ఉండేట్టు చేశారు. గ్లాసు అంచున వేళ్ళాడిన మజ్జిగచుక్కకు ఇక్కడ తావు లేదు.

ఇంత గడుసు యంత్రానికీ ఒక పెద్ద లోపం ఉంది. గాలి విసురుకు రంగు వస్తువుకు తగిలి చాలావరకు ఎగిరిపోతుంది. పాత రకం గన్‌తో వేస్తే వస్తువుకు అంటేది మూడోవంతుకు అటూ ఇటూ. మిగతాదంతా పొగలాగా లేస్తుంది. డబ్బు పోవటం అట్లా ఉంచండి, ఆ మంచు పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని రకాల కారు రంగుల్లో ఉండే గట్టిపరిచే మందు పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే ఆగేది కాదది. తగిన మాస్కు ఉండి తీరాలి. మన ఊళ్ళ షెడ్లలో ఎంతమంది అట్లాంటిది పెట్టుకుంటున్నారో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

ఈ నష్టాన్ని తగ్గించటానికి రెండు దారులు కనిపెట్టారు. ఒకటి విద్యుత్తు.

ఇబ్రహీంపట్నంలో కొండపల్లికి పక్కనే డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1979లో పనిచెయ్యసాగింది. ఇట్లాంటి కేంద్రాల్లో బొగ్గు కాలాక పొగతోపాటు పోయే బూడిదకు విద్యుదావేశం ఇచ్చి, దాన్ని లోహపు పలకలకు అంటుకునేట్టు చేస్తారు. దువ్వెనతో తల దువ్వి కాగితపుముక్కల దగ్గర పెడితే అవి లేచి అంటుకోవూ? ఇదీ అంతే. ఇండియానాపొలిస్‌లో వంటింటి డబ్బాలకు రంగులు వేసి అమ్మే కుటుంబంలోని హెరాల్డ్ రాన్స్‌బర్గ్ ఈ పద్ధతిని రంగు మీద ప్రయోగించి, 1940ల్లో దానికి పేటెంట్లు సంపాదించాడు. రంగు తుంపరకు 60,000, 90,000 వోల్టుల దగ్గర ఆవేశం ఇచ్చి, వస్తువును భూమికి కలుపుతారు. తుంపర వస్తువును వెతుక్కుంటూ పోతుంది. పక్కనుంచి దాటిపోయే బిందువు కూడా వెనక్కు తిరిగి వీపున అంటుకుంటుంది!

తరవాత గాలి విసురుకు బదులు గిన్నె వచ్చింది. అరచేతిలో ఇమిడే లోహపు గిన్నె. మీ ఇంట్లో సీలింగుఫాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. ఈ గిన్నె 30,000 మొదలు 60,000 చుట్ల దాకా తిరుగుతుంది. దాని నడుమ రంగు పోస్తే, అది పల్చగా పరుచుకుంటూ అంచు చేరి, సన్నని తీగలై, ఆ తీగలు తెగి బిందువులవుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అట్లాంటి కర్మాగారాల్లో రోబో చెయ్యి చివర తిరిగేది సాధారణంగా ఇట్లాంటి గిన్నే.

గిన్నెకు పొయ్యవలసిన రంగును కొలిచేది పళ్ళచక్రాల పంపు. గట్టిగా మూసిన పెట్టెలో రెండు పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతుంటాయి. పన్నుకూ పన్నుకూ మధ్య ఉన్న సందు ఒక బుల్లి గిద్ద అనుకోండి. ప్రతి గిద్దా నిండా రంగు ఎత్తుకుని, గోడవెంట తిరిగి వచ్చి, అవతలివైపున పోస్తుంది. చుట్టుకు 3 ఘనసెంటీమీటర్లు పోసే పంపు నిమిషానికి 100 చుట్లు తిరిగితే 300 ఘనసెంటీమీటర్లు. కావాలంటే రోబో అందులో సగం చెయ్యగలదు. తలుపు అంచు దగ్గర తగ్గించి, నడిమధ్య పెంచగలదు. కొండపల్లిలో కుంచె వత్తే వేళ్ళు చేసేది ఇదే కదూ?

రెండో దారి గాలిని బొత్తిగా మానెయ్యటం. కృష్ణా మెట్టలో రెడ్డిగూడెం కానివ్వండి, నందిగామ, జగ్గయ్యపేటల వైపు కానివ్వండి, పత్తి, మిరప చేలల్లో వీపుకు డబ్బా తగిలించుకుని మందు కొట్టటం మీకు తెలుసు. అందులో గాలి ఊది తుంపర చెయ్యటం లేదు. మందునే ఒత్తిడితో సన్నని రంధ్రంలోంచి తోస్తే అది విచ్చుకుంటుంది. 1950ల్లో రంగుకూ ఇట్లాంటి గన్ వచ్చింది. కాని రంగు చిక్కన గనక ఒత్తిడి మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి 100, 200 రెట్లు కావాలి. ఆ ధార దగ్గరలో వేలు పెడితే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. పైకి చూస్తే సూది గుచ్చినంత గాయం. లోపల వేలు చచ్చిపోవచ్చు. అందుకే మూతికి వేలు చేరకుండా రెక్కలు, మీటకు గడియ అమర్చారు.

చేలో నాజిల్‌కు చెత్త అడ్డుపడితే కొందరు దాన్ని ఊడదీసి నోటితో ఊదుతారు. అది విషం! ఎవరైనా ఊదబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. పాత పళ్ళబ్రష్షూ నీళ్ళూ చాలు. రంగు గన్‌లో ఈ చిక్కుకు భలే ఉపాయం ఉంది. రంధ్రం ఉన్న భాగాన్ని ఒక చిన్న స్తంభంలాగా చేసి, దానికి చెవి పెట్టారు. అడ్డుపడితే చెవి పట్టుకుని సగం చుట్టు తిప్పటమే. రంధ్రం వెనకది ముందుకు వస్తుంది. మీట నొక్కితే అడ్డుపడిన చెత్త తనంతట తానే ఎగిరి బయట పడుతుంది. మళ్ళీ తిప్పి పని సాగించవచ్చు.

పెద్ద కర్మాగారంలో ఒక్క గన్ ఉండదు. మీ వీధి కొళాయి సంగతి తెలుసుగా? పక్కింటివాళ్ళు తిప్పగానే మీ ఇంట్లో ధార సన్నగిల్లుతుంది. రంగు గొట్టంలో అట్లా జరిగితే ఒక కారు పల్చగా, ఒక కారు చిక్కగా తయారవుతుంది. అందుకని ప్రతి గన్‌కూ ముందు ఒక కాపలాదారును పెట్టారు: ఒక రబ్బరుపొర, దాని వెనక ఒక స్ప్రింగు. గొట్టంలో ఒత్తిడి తగ్గితే స్ప్రింగు పొరను నెట్టి దారి ఎక్కువ తెరుస్తుంది. పెరిగితే ఒత్తిడే పొరను వెనక్కు నెట్టి దారి మూస్తుంది. ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎర్రకారు తరవాత తెల్లకారు వస్తే మరో చిక్కు. గొట్టంలో మిగిలిన ఎర్రరంగు ఏం కావాలి? పూర్వం దాన్ని పారబోసి, గొట్టం కడిగేవాళ్ళు. ఇప్పుడు రంగులు మార్చే కవాటాలను గన్ దాపుకు తెచ్చారు. నడుమ గొట్టం ఎంత పొట్టి అయితే అంత రంగు మిగులుతుంది. కొన్నిచోట్ల గొట్టంలో ఒక రబ్బరు బిరడా దూర్చి, వెనకనుంచి గాలి తోస్తారు. అది మిగిలిన రంగునంతా నెట్టుకుంటూ పోయి తిరిగి తొట్టిలో పోస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి పిగ్ అని పేరు పెట్టారు. పిగ్ అంటే పంది! ఎందుకు పెట్టారో గాని, ఇది గొట్టాన్ని శుభ్రంగా ఊడ్చిపెట్టే పంది.

ఇన్ని యంత్రాలున్నా రంగు కలిపే గదిలో ఒక చిన్న లోహపు చెంబు ఉంటుంది. దాని అడుగున నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు రంధ్రం. చెంబు నిండా రంగు పోసి, అది కారటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, రంగు చిక్కనో పల్చనో తేలుస్తారు. ఫోర్డ్ కప్పు అంటారు. మన పెద్దలు అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీళ్ళమీద తేలేసి, అది మునిగితే ఒక గడియ అని కాలాన్ని కొలిచేవాళ్ళు. ఇక్కడ కాలంతో ద్రవాన్ని కొలుస్తున్నారు.

ఈ చెంబు మీరూ చేసుకోవచ్చు. పారేసే ప్లాస్టిక్ గ్లాసు అడుగున పెద్దవాళ్ళ చేత చిన్న రంధ్రం పెట్టించండి. ముందు నీళ్ళు పోసి సెకన్లు లెక్కపెట్టండి. తరవాత అంతే ఆముదం పోసి లెక్కపెట్టండి. ఆ ఆముదాన్నే కాసేపు ఎండలో పెట్టి, మళ్ళీ పోసి చూడండి. రోహిణికార్తె ఎండల్లోనూ, పుష్యమాసపు చలిలోనూ ఒకే రంగు ఒకేలాగా ఎందుకు కారదో, కర్మాగారాల్లో రంగు తొట్లను ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంలో ఎందుకు ఉంచుతారో మీకే తెలుస్తుంది. ఆముదం మాత్రం అమ్మను అడిగి తీసుకోండి.