ఓటు చీటీని ఎటు మడవాలి?

తల్లీ, 18 ఏళ్లు నిండాయి కదా, పంచాయతీ ఓటు దానంతటదే ఇంటికి నడిచొస్తుందనుకోకు. అలాగని పంచాయతీకంటూ విడిగా దరఖాస్తూ ఉండదు. అసెంబ్లీ ఓటర్ల జాబితా ఉంటుంది చూడు, అందులోని మన ఊరి పేర్లను వార్డులవారీగా విడదీసి పంచాయతీ జాబితా చేస్తారు. అందుకని ముందు అక్కడ ఎక్కాలి. దానికి ఫారం 6. ఆన్‌లైన్‌లోనైనా నింపు, మన బూత్ స్థాయి అధికారి, అదే బీఎల్వో, చేతికైనా ఇవ్వు. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖుల్లో ఏ ఒక్కదాని నాటికి నిండినా చాలు. హాస్టల్ అడ్రసుతో ఒకటి, ఇక్కడ ఒకటి మాత్రం పెట్టకు, రెండు చోట్ల పేరుంటే చట్టం ఒప్పుకోదు. ముసాయిదా జాబితా పెట్టినప్పుడే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి నీ పేరు ఏ వార్డులో పడిందో చూసుకో. ఆ పనికి బద్ధకించి పోలింగు నాడు అరిచేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక బూత్ సంగతి. అసెంబ్లీకి మిషను మీద మీట నొక్కుతాం గానీ, పంచాయతీకి ఇంకా కాగితమే. 2025 డిసెంబరులో మన తెలంగాణలో మూడు విడతలుగా జరిగినవీ, 2021 ఫిబ్రవరిలో ఆంధ్రాలో నాలుగు విడతలుగా జరిగినవీ బ్యాలెట్ పెట్టెలతోనే. మనకు రెండు చీటీలిస్తారు: సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ లాంటివే ఉంటాయి.

చీటీ ఇచ్చే ముందు ఎడమ చూపుడువేలికి సిరా పూస్తారు. అందులో ఉన్నది సిల్వర్ నైట్రేట్, అంటే వెండి లవణం. పూసిన కాసేపటికి నల్లబడుతుంది, ఎందుకంటావు? మన చెమటలో ఉప్పు ఉంటుంది కదా. ఆ ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. దానికి వెలుతురు తగిలితే విడిపోయి, కంటికి ఆనని వెండి రేణువులు మిగులుతాయి. వెండి మెరుస్తుంది గానీ, అంత సన్నని రేణువులైతే నల్లగానే కనబడతాయి. పాతకాలం ఫొటో ఫిల్ము పనిచేసిందీ వెండి లవణాలతోనే, వెలుతురుతోనే. రేణువులు చర్మంలో, గోటిలో దిగబడి కూర్చుంటాయి, సబ్బుకు లొంగవు. పై చర్మం ఊడాలి, గోరు పెరిగి కత్తిరింపులో పోవాలి. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచీ మనకు ఈ సిరా ఉంది. తయారుచేసేది మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ వాళ్లు.

సిరా గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం అంతకన్నా ముచ్చటేసేది ఆ రబ్బరు ముద్ర. నాలుగు చేతులూ ఒకే వైపుకు వంగిన స్వస్తిక్ గుర్తు. దాని బదులు మామూలు ఇంటూ గుర్తు పెడితే పోయేదేమిటి అంటావేమో. చాలా పోతుంది! ముద్ర తడిగా ఉండగానే చీటీ మడుస్తాం. సిరా అవతలి మడత మీద అంటుకుంటుంది. లెక్కపెట్టేవాడు విప్పి చూస్తే ఇద్దరికి గుర్తులు పడినట్టుంటుంది. ఇద్దరికి వేసిన ఓటు చెల్లదు. ఇంటూ గుర్తును అద్దంలో చూపించినా ఇంటూలాగే ఉంటుంది, కాబట్టి అసలేదో మరకేదో తేల్చలేం. స్వస్తిక్ అలా కాదు. ఎడమకాలి చెప్పు కుడికాలికి కుదరనట్టే, దాని ప్రతిబింబం దానితో కుదరదు, చేతులు ఎదురువైపుకు తిరిగిపోతాయి. ఎదురు తిరిగింది మరక, తిన్నగా ఉన్నది ఓటు. ఇంత లెక్క వేసి ఆ గుర్తును పెట్టినవాళ్లెవరో గానీ, గట్టివాళ్లే.

మడతలో కూడా ఇదే తెలివి ఉంది. పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా. పై అంచును కింది అంచు మీదికి మడిచావో, మరక వేరేవాడి గడిలో పడుతుంది. ముందు నిలువుగా, అంటే ఎడమ అంచును కుడి అంచు మీదికి మడిస్తే, మరక పడినా నువ్వు వేసినవాడి వరసలోనే పడుతుంది. అడ్డంగా మడవడం ఆ తర్వాతే. ముద్ర బదులు వేలిముద్ర మాత్రం వేయకు. పింఛను కాగితాలకు అలవాటుపడి మన వీధి ముసలమ్మలు చేసే పొరపాటు అదే, ఆ ఓటు చెల్లదు.

నమ్మకపోతే ఒక కాగితం మీద నాలుగు అడ్డగీతలు గీసి, ఒక గడిలో సిరాతో ‘అ’ రాసి, తడి ఆరకుండా ఒకసారి అలా, ఒకసారి ఇలా మడిచి చూడు. సిరా మరీ ఎక్కువ పోయకు, మీ నానమ్మ ఇవాళే దుప్పటి మార్చింది.