కళ్లు తిరిగి పడిపోతే అది ఫిట్సేనా?

ఇవాళ్టి టాపిక్ నాకు కొంచెం పర్సనల్. బీటెక్ సెకండియర్‌లో కాలేజీలో బ్లడ్ డొనేషన్ క్యాంప్ పెట్టారు. రక్తమిచ్చి గబుక్కున లేచా. చెవుల్లో హోరు, ఒళ్లంతా చెమట, కళ్లకు చీకట్లు. అంతే, పడిపోయా. చేతులు కొట్టుకున్నాయట. ఎవరో బైక్ తాళాలు తెచ్చి చేతిలో పెట్టారు. సాయంత్రానికల్లా క్లాసంతా ఒకటే మాట: వీడికి ఫిట్స్! అమ్మ భయం ఇంకోటి: "ఎవరికీ చెప్పకురా, రేపు పెళ్లి కావాలి." ఎనిమిది నెలలు ఫిట్స్ మాత్రలు మింగా.

అసలు చిక్కు మన మాటల్లోనే ఉంది. మూర్ఛపోయాడు అంటే స్పృహ తప్పాడని. మూర్ఛరోగం అంటే మాత్రం ఫిట్స్. మాట ఒకటే, సమస్యలు రెండు.

స్పృహ తప్పడం పవర్ సప్లై ప్రాబ్లమ్ లాంటిది. బీపీ పడిపోయి మెదడుకి కాసేపు రక్తం సరిపోదు. ఫిట్స్‌లో గోల సర్క్యూట్‌లోనే. మెదడు కణాల్లో కరెంటు సిగ్నల్స్ అదుపు తప్పుతాయి.

మరి చేతులు కొట్టుకుంటే ఫిట్సే కదా? అక్కర్లేదు. 1994లో జర్మనీ డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు స్పృహ తప్పేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి కుదుపులు వచ్చాయి!

నా విషయం తేల్చింది స్కాన్ కాదు, నా రూమ్మేట్. రెండో డాక్టర్ వాడికి ఫోన్ చేయించి అడిగారు. వాడన్నాడు: "అర నిమిషం కూడా లేదు సార్. మొహం తెల్లగా పాలిపోయింది. లేవగానే 'నా ఫోన్ ఏదిరా' అన్నాడు." ఫిట్స్ అయితే సాధారణంగా ఒకట్రెండు నిమిషాలు ఉంటుంది, నాలుక పక్కన కరుచుకోవచ్చు, తేరుకున్నాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటారు. ఆ డాక్టరే ఈసీజీ కూడా చూసి, మాత్రలు మెల్లగా తగ్గించి ఆపించారు. మీరు మాత్రం సొంతంగా ఆపొద్దు, ప్రమాదం.

ఇక మీరేం చేయాలి? కళ్లు తిరిగి పడితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. ఫిట్స్ అయితే పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. తాళాలు బండికే పనికొస్తాయి. అయిదు నిమిషాలు దాటితే 108కి కొట్టండి. ఆడుతూనో పరిగెడుతూనో పడిపోతే గుండె సమస్య కావచ్చు, అదే రోజు చూపించండి.

పక్కన ఇంకొకరు సాయం చేస్తుంటే మీరు వీడియో తీయండి. స్టేటస్‌కి కాదు, డాక్టర్‌కి.