శూన్యగ్రామములు - భూతశబ్దార్థము

జనులు విడిచిపోయిన యూరిని దెలుగువారు పాడుపడిన యూరందురు. రెవిన్యూ లెక్కలలో నట్టి గ్రామమునకు 'బేచిరాకు' అని పేరు. 'బే' యనగా లేక, 'చిరాగ్' అనగా దీపము. పారసీకమునుండి వచ్చిన యీ మాటకు దీపము లేనిదని యర్థము. ఎల్లలు, భూములు, సర్వే నంబర్లు అన్నియు నుండును. సాయంకాలమున దీపము పెట్టు నిల్లు మాత్ర ముండదు. లెక్క వ్రాసినవాడు భయమును గలుపక కన్నదానినే చెప్పెను. లోకమట్లూరకుండదు. దీపము లేని చోట భూతమును నిలుపును.

భూతశబ్దము భూధాతువునకు క్తప్రత్యయము చేరగా నేర్పడినది. జరిగిపోయిన దని దాని ముఖ్యార్థము. పాణిని భూతార్థము నధికారముగా బెట్టి యనేక ప్రత్యయములను విధించెను. అమరసింహుడు దేవయోనులలో భూతమును జేర్చి, నానార్థవర్గమున నదే శబ్దమునకు ప్రాణి, అతీతము, సత్యము మొదలగు నర్థములను జూపెను. కావున శూన్యగ్రామమున భూతమున్నదను మాట యొకవిధముగా నిజమే. అచట నున్నది జరిగిపోయిన కథ. పిశాచార్థమునే పట్టుకొని యతీతార్థమును విడిచినచో సత్యార్థము కూడ జారిపోవును.

ఇట్టి భూతము నెదుర్కొను తెఱగును గాళిదాసు రఘువంశమున బదునాఱవ సర్గమున జూపినాడు. కుశుడు కుశావతిలో నుండగా నర్ధరాత్రమున మూసిన తలుపుల గదిలోనికి నొక స్త్రీ వచ్చును. ప్రేతకథకు వలసిన సామగ్రి యంతయు నిచట గలదు. రాజు భయపడడు, నీవెవరవని యడుగును. ఆమె యయోధ్యాధిదేవత. చిత్తరువులలోని యేనుగులను నిజమైనవని భ్రమించి సింహములు గోళ్లతో జీల్చుచున్నవనియు, నంతఃపురపు మెట్లపై బులులు నడచుచున్నవనియు దన పురము దుస్థితిని వినిపించును. కుశుడు శాంతి చేయించి యూరకుండక, యయోధ్యకు బోయి శిల్పులచే బురమును బునరుద్ధరించును. దీపము లేని యూరియందు మొదట నడుగవలసినది యీ ప్రశ్నయే.

ఈ ప్రశ్న నడుగకపోవుటవలన గలుగు నష్టమునకు రాజస్థానమున జైసల్మేరు చెంతనున్న కుల్ధారా మంచి నిదర్శనము. అది పాలీవాల బ్రాహ్మణుల గ్రామము. అచటి స్మారకశిలలలో రెండు భట్టిక శకమున లెక్కింపబడి క్రీ.శ. 1235, 1238 సంవత్సరములకు సరిపోవు మరణములను దెలుపుచున్నవి. జనశ్రుతి యిట్లు చెప్పును: దివాను సాలంసింగు గ్రామకన్య నొకతెను గోరెను, దానితో 84 గ్రామముల పాలీవాలులు నొక్కరాత్రిలో లేచిపోవుచు, నిచట మరెవ్వరును గాపురముండజాలకుందురు గాక యని శపించిరి. నేడు వచ్చు యాత్రికులలో బెక్కురీ కథను వినుటకే వత్తురు. కొందరు రాత్రివేళ యంత్రములు తెచ్చి ప్రేతములను వెదకుదురు.

వ్రాతలు చెప్పున దింతకంటె నెమ్మదియైన కథ. సాలంసింగు నిజముగా నుండెను. అతని నిర్దయమైన పన్నులవలన గష్టజీవులగు పాలీవాలులు దేశము విడిచిరని కర్నలు టాడు వ్రాసినాడు. 1815 ప్రాంతమున 800 జనముగల యా గ్రామమున 1890 నాటికి 37 మంది మిగిలిరని లెక్కలు గలవు. ఒక్కరాత్రిలో నందరును బోయిరేని యీ 37 మంది యెవ్వరు? నీటికొరత కారణమని కొందరును, కూలిన కప్పుల తీరును బట్టి భూకంపము కారణమని 2017లో గొందరును బ్రతిపాదించిరి. పన్నును గఱవును బలుతరముల పర్యంతము జ్ఞాపకముంచుకొనుట కష్టము. కన్యయు శాపమును జ్ఞాపకముండును. అందుచే జనశ్రుతి పెక్కేండ్ల దుఃఖమును నొక్కరాత్రిగా మడిచి పెట్టినది.

ఈ మడతలో బోయినది పాలీవాలుల విద్య. సాలునకు సగటున 200 మిల్లీమీటర్లకు మించని వాన పడు నా యెడారిలో వారు 'ఖడీన్' అను పద్ధతిని సేద్యము చేసిరి. రాతివాలులపై బాఱు వాననీటిని బల్లపు నేలకు మరలించి, దిగువను బొడవైన మట్టికట్టతో నాపుదురు. నీరింకిన పిమ్మట నా తేమతోనే శీతకాలమున గోధుమ, శనగ పండును. ఖడీనులు నేటికిని జైసల్మేరు ప్రాంతమున వాడుకలో నున్నవి. శాపకథ విని మరలిపోవు యాత్రికుడు వాన లేని చోట నన్నము పుట్టించినవారి యూరిని జూచియు జూడనివాడగును.

కారణము తెలిసిన చోట భూతమునకు బనిలేదు. నమీబియాలోని కోల్మన్‌స్కోప్ 1908లో దొరకిన వజ్రములవలన బుట్టినది. దక్షిణమున నంతకంటె మేలైన గనులు కనబడగా దరిగి, 1956 నాటికి శూన్యమయ్యెను. ఇసుక యిండ్లలో జొచ్చినది. ఉక్రెయినులోని ప్రిప్యాత్ నగరమున 1986 ఏప్రిల్ 27వ తేదీని సుమారు 49,000 మంది నిజముగానే యొక్కదినమున బోయిరి. ముందునాడు చెర్నోబిల్ యణువిద్యుత్కేంద్రమున జరిగిన ప్రేలుడు దానికి హేతువు. అచట గంటికి గానరాక మనుష్యుని బాధించునది లేకపోలేదు. కాని దానికి సీసియమని పేరున్నది, కొలమానమున్నది. దాని యుగ్రత సుమారు 30 సంవత్సరములకు సగమగునని గూడ దెలియును.

తెలుగుదేశమున బేచిరాకు గ్రామములు లెక్కలలో నింకను గలవు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో బాడుపడి మరల గట్టబడిన యూళ్ల వృత్తాంతములు గలవు. ఆ వ్రాయసకాండ్రు గ్రామవృద్ధుల నడిగి వ్రాసికొనిరి. పల్లెబడుల పండితులకు నీ పని నేడును సాధ్యమే. తమ సమీపమున దీపము లేని యూరి పేరు, బావి, గుడి, యింటిపేర్లు, పోయినవారు చేరిన గ్రామము, పోవుటకు జెప్పు కారణములు విద్యార్థులచే వ్రాయింపవచ్చును. దయ్యపు కథయు వ్రాయదగినదే, కాని దాని ప్రక్కనే పన్ను, నీరు, రోగము, త్రోవ యనువాటిని గూర్చిన ప్రశ్నలుండవలెను. ఆ వృద్ధులు గతించిన పిమ్మట నడుగుటకు మిగులునది దయ్యమొక్కటియే.