ఊదు – గులాబీ అత్తరు: ధరించినవారి అనుభవం

తెలుగువారి ఇండ్లలో సాయంవేళ వెలిగించే వత్తిని కొందరు అగరువత్తి అంటారు, మరికొందరు ఊదువత్తి అంటారు. ఈ రెండు పేర్లూ ఒకే చెట్టునుండి పుట్టినవని చాలామంది గమనించి ఉండరు. 'అగరు' సంస్కృతంలోని అగురు శబ్దానికి మన రూపం. 'ఊదు' అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు అందిన మాట. అరబ్బీలో దానికి కర్ర అని మాత్రమే అర్థం. అదే పేరుగల తంత్రీవాద్యం కూడా ఒకటి ఉన్నది. నేడు అంగడిలో దొరికే వత్తులలో ఆ సుగంధపు కట్టె నలుసైనా ఉండదనుట వేరు సంగతి. పేర్లు మాత్రం రెండూ నిలిచినవి. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే వరండాలో వినవచ్చే మన కళాశాలలో ఈ జంట పేర్లతో ప్రసంగం ప్రారంభించుట ఉచితమని తలచినాము.

ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చినది మా వసతిగృహపు మిత్రుడొకని మూలంగా. అతనిది కడప జిల్లా. తండ్రి చాలా ఏళ్ళు కువైట్‌లో పనిచేసినారు. సెలవుపై వచ్చిన ప్రతిసారీ బొటనవ్రేలంత గాజుసీసాలో ఊదు, గులాబీ కలిపిన అత్తరు తెచ్చేవారట. అరబ్బులు ఇటువంటి మిశ్రమాన్ని 'ముఖల్లత్' అంటారు. కలిపినది అని దాని అర్థం. 2021లో కరోనా ఆ ఇంటిల్లిపాదికీ సోకింది. తండ్రి దక్కలేదు. మిత్రుడు కోలుకున్నాడు గాని అతని ఘ్రాణశక్తి పోయింది. నిరుటి రంజాను పండుగకు ముందు అతడు ఆ చివరి సీసాను మా ముందుంచి, "భాయ్, నాకిది ఉత్త నూనెలా తగులుతున్నది. మీరు పూసుకొని ఎట్లా ఉంటుందో చెప్పండి" అన్నాడు. వాసన తెలియనివానికి వాసనను మాటలలో చెప్పుట ఎంత కష్టమో ఆనాడే మాకు తెలిసివచ్చింది. చెప్పబోయే ముందు తెలుసుకోవలసినది కూడా చాలా ఉన్నదని గ్రహించినాము.

ఊదును ఇచ్చే చెట్టు అస్సాం, ఈశాన్య రాష్ట్రాల తేమ అడవులలో పెరిగేది. శాస్త్రజ్ఞులు దీనిని అక్విలేరియా మలాక్సెన్సిస్ అంటారు. విచిత్రమేమనగా ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు పరిమళం లేదు. దాని కలప తెల్లగా, తేలికగా, వాసన లేకుండా ఉంటుంది. కాండాన్ని పురుగు తొలిచినప్పుడో, కొమ్మ విరిగినప్పుడో ఆ గాయం ద్వారా శిలీంధ్రం లోపలికి చొరబడుతుంది. దానిని ఎదిరించుటకు చెట్టు ఒక నల్లని జిగురును స్రవిస్తుంది. ఏళ్ళ తరబడి ఆ జిగురు నిండిన భాగమే ఊదు. జిగురు బాగా పట్టిన ముక్క నీటిలో మునిగిపోతుంది. చైనావారు దానికి 'మునిగే పరిమళం' అనే అర్థం వచ్చేటట్లు పేరు పెట్టినారు. చెట్టు రోగమే మనిషికి భోగమైనదని మాలో ఒకడు చమత్కరించినాడు. మిత్రుడు మాత్రం నవ్వలేదు.

అస్సాంకు, ఈ కట్టెకు ఉన్న బంధం నిన్నటిది కాదు. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు లౌహిత్యనది దాటి ప్రాగ్జ్యోతిషానికి చేరినప్పుడు అతని ఏనుగులను కట్టివేసినది నల్ల అగరుచెట్లకే. బాణభట్టు హర్షచరిత్రలో కామరూపాధిపతి భాస్కరవర్మ హర్షునకు పంపిన కానుకలలో అగరుతైలం ఉన్నది; అగరు పట్టపై వ్రాసిన పుస్తకాలు కూడా ఉన్నవి. ఆ పట్టను 'సాంచిపాత్' అంటారు. అస్సామీ వ్రాతప్రతులు శతాబ్దాల పాటు దానిమీదనే నడిచినవి. నేటికీ అస్సాంలోని హోజాయి పట్టణం ఈ వ్యాపారానికి పేరెన్నికగన్నది. అయితే అడవిలో పెరిగిన చెట్లు విచ్చలవిడిగా నరికివేతకు గురైనందున, అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒడంబడికవారు 1994లో ఈ జాతిని నియంత్రిత జాబితాలో చేర్చినారు. పదేళ్ళ తరువాత దీని సోదరజాతులన్నిటినీ చేర్చినారు. ఇప్పుడు తోటలలో నాటి, కాండానికి గాయంచేసి, శిలీంధ్రాన్ని ఎక్కించి ఊదును పుట్టిస్తున్నారు.

తైలం తీసే విధానంలో ఒక విశేషం చెప్పక తప్పదు. అస్సాంలో ఊదు చెక్కలను బట్టీకి ఎక్కించే ముందు వారాల తరబడి నీటిలో నానబెడతారు. అవి పులుస్తాయి. మంచి అస్సాం ఊదులో మొదట తగిలే ఆ పశువుల కొట్టపు వాసనకు కారణం ఇదే. తెలియనివారు దానిని కల్తీ అనుకుంటారు. మేమూ మొదట అట్లే అనుకొని, మిత్రుని తండ్రిగారిని ఎవరో మోసగించినారని చెప్పబోయి నాలుక కరచుకున్నాము.

గులాబీ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. ఊదుకు ఏళ్ళు కావాలి. గులాబీకి గంటలు కూడా ఎక్కువే. ఎండ ఎక్కితే పరిమళం ఎగిరిపోతుంది గనుక పూలను తెల్లవారుజామునే కోసి, ఆ పూటే బట్టీకి చేరుస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ పాత పద్ధతి సాగుతున్నది. 'దేగ్' అనే రాగికాగులో పూలు, నీరు పోసి, మూత చుట్టూ మట్టితో మెత్తి, క్రింద కట్టెలమంట పెడతారు. ఆవిరి వెదురుగొట్టం గుండా 'భప్కా' అనే మరొక రాగిపాత్రలోకి దిగుతుంది. భప్కా నీటితొట్టిలో కూర్చొని ఉంటుంది. దాని అడుగున చందనతైలం ఉంటుంది. ఆవిరి చల్లబడి ద్రవమైనప్పుడు గులాబీ పరిమళాన్ని చందనం పట్టి ఉంచుకుంటుంది. కాగు ఎంత వేడెక్కినదో పనివాడు చేతితో తాకి, చెవితో విని తెలుసుకుంటాడు. ఈ విద్యకు 2014లో భౌగోళిక గుర్తింపు లభించింది. చందనతైలం ధర ఆకాశానికి అంటడంతో చాలాచోట్ల దాని స్థానంలో వాసనలేని చవుక నూనెలు చేరినవి. చందనంపై దించిన గులాబీ, మినరల్ నూనెపై దించిన గులాబీ రెండూ చేతిమీద ఒక్కరీతిగా ప్రవర్తించవు.

చందనం కలపని శుద్ధ గులాబీతైలం ఒక కిలో కావాలంటే సుమారు 3,000 నుండి 4,000 కిలోల పూలు కావాలి. కావున నూరు రూపాయల సీసాలో అసలు గులాబీని, అసలు ఊదును ఆశించుట అమాయకత్వం. గులాబీ అత్తరును మొదట కనిపెట్టిన గౌరవాన్ని జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చినాడు. వేడి పన్నీటిపై తేలిన నురుగువంటి నూనెను ఆమె సేకరించినదట.

పన్నీరు మాత్రం అంతకు చాలా ముందే మన తీరానికి వచ్చింది. 1244–45 నాటి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి శాసనంలో సముద్రవర్తకుల సరుకులపై సుంకాలు చెప్పినప్పుడు చందనం, కర్పూరాలతోపాటు పన్నీరును కూడా పేర్కొన్నారు. పెండ్లిపందిట్లో మన తలలపై చిలకరించే పన్నీటి వెనుక అంత చరిత్ర ఉన్నది. దక్కనులో బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా కాలంలో సుగంధాల తయారీపై ఒక ప్రత్యేక గ్రంథమే వెలువడింది. దాని పేరు 'ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ'.

ఇక ధరించిన అనుభవం. ఒక శుక్రవారం ఉదయం స్నానానంతరం మేము ముగ్గురం ఎడమ మణికట్టుపై ఒక్కొక్క చుక్క ఉంచుకున్నాము. సీసామూతకున్న గాజుకడ్డీతో తాకించినాము తప్ప రుద్దలేదు. తెల్ల కుర్తాకు తగలనీయవద్దని మిత్రుడు ముందే హెచ్చరించినాడు. ఊదు నూనె మరక చాకలికి కూడా లొంగదు.

మొదటి పది నిమిషాలు ఊదుదే రాజ్యం. పులిసిన ఎండుగడ్డి, కొత్త చెప్పుల తోలు, ఆవులు కట్టిన చావడి. మాలో ఒకడు మొహం చిట్లించినాడు. పావుగంట గడిచేసరికి దాని అడుగునుండి గులాబీ లేచింది. తోటలో పూచిన గులాబీ కాదు. గుల్కంద్ డబ్బా మూత తీసినప్పటి గులాబీ. తీపిలో కొంచెం నిమ్మతొక్క, కొంచెం లవంగపు ఘాటు. (గులాబీతైలంలో లవంగంలో ఉండే యూజినాల్ నిజంగానే కొద్దిగా ఉంటుందని మా రసాయనశాస్త్ర అధ్యాపకులు తరువాత చెప్పినారు.) జుమా నమాజు వేళకు రెండూ కలిసిపోయినవి. ఊదులోని మొరటుతనం, గులాబీలోని అతితీపి రెండూ ఒకదానినొకటి అణచుకున్నట్లు తోచింది. ఈ రెంటినీ కలుపుటలోని రహస్యం ఇదేనని మా అభిప్రాయం. ఒంటరి గులాబీ మాకు కొంత పలుచగా తోస్తుంది. ఒంటరి ఊదును కొత్తవాడు భరించలేడు.

అసర్ దాటిన తరువాత గులాబీ సెలవు పుచ్చుకుంది. మిగిలినది కట్టె. రాత్రి భోజనవేళకు అదికూడా మెత్తబడి, పాత భోషాణం తెరచినప్పటి తీపివాసనగా మారింది. మరునాడు ఉదయం చర్మంపై ఏమీ లేదు. చొక్కా చేతి అంచున మాత్రం ఉన్నది.

దీనికి కారణం సులభం. గులాబీలోని సిట్రొనెల్లాల్, జెరానియాల్ వంటి పదార్థాల అణువులు చిన్నవి. ఒంటివేడికి త్వరగా ఆవిరవుతాయి. ఊదులోని సెస్క్విటెర్పీన్ల అణువులు బరువైనవి; నిదానంగా లేస్తాయి. అందువలన ఒకే చుక్క ఉదయం ఒకటి, రాత్రి మరొకటి చెబుతుంది. మన వేసవిలో ఈ ప్రయాణమంతా త్వరగా ముగుస్తుంది, చలికాలంలో సాగుతుంది.

ధరించినవారు తప్పక తెలుసుకోవలసిన మరొక విషయమున్నది. ఒకే వాసన ఎడతెగక తగులుతుంటే ముక్కు దానిని పట్టించుకోవడం మానివేస్తుంది. అరగంటలో మనకు మన అత్తరు తెలియదు. ప్రక్కవానికి తెలుస్తూనే ఉంటుంది. ఇది ఎరుగక మేము ఒకమారు మధ్యాహ్నపు తరగతికి ముందు మళ్ళీ పూసుకున్నాము. ముగ్గురి అత్తరూ ఒకే గదిలో. వెనుక బల్లపై కూర్చున్న సహపాఠికి తలనొప్పి పట్టి బయటకు పోయినాడు. అధ్యాపకులు ఏమీ అనలేదు, లేచి కిటికీలన్నీ తెరచినారు. ఆ మౌనం కన్న తిట్టినా బాగుండేది. ఆనాటినుండి ఒక చుక్కను మించకూడదని, పరీక్షగదికి, బస్సుకు అసలే వద్దని నియమం పెట్టుకున్నాము.

ఇవన్నీ వ్రాసుకొని మిత్రునికి చదివి వినిపించినాము. అతడు ఓపికగా విని, "ఘాటు అన్నారే, అది తెలుస్తుంది" అన్నాడు. ఇందులోనూ శాస్త్రమున్నది. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్ని రుచులనే ఎరుగును. తక్కినది ముక్కు పని. కర్పూరపు చల్లదనం, మిరపకాయ మంట వంటివి వేరొక నాడి ద్వారా తెలుస్తాయి. ఆ నాడి అతనిలో చెక్కుచెదరలేదు. కాబట్టి మేము పద్ధతి మార్చి, స్పర్శతో చెప్పనారంభించినాము. ఊదు అనగా గడ్డివాములో చేయి దూర్చినప్పటి లోపలి వెచ్చదనం. గులాబీ అనగా దానిమీద పరచిన తడిగుడ్డ. "మధ్యాహ్నానికి గుడ్డ ఆరిపోతుందన్నమాట" అన్నాడతడు. అంతకన్న బాగుగా మేము చెప్పలేకపోయినాము.

వైద్యులు అతనికి ఘ్రాణాభ్యాసం చేయమని చెప్పి ఉన్నారు. 2009లో జర్మనీకి చెందిన హమ్మెల్ అనే వైద్యుని బృందం ప్రకటించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం – ఈ నాలుగు వాసనలను ఉదయం, రాత్రి కొద్ది క్షణాలు శ్రద్ధగా పీల్చాలి. పన్నెండు వారాలు తగ్గకుండా చేయాలి. ముక్కులోని ఘ్రాణకణాలు జీవితాంతం కొత్తగా పుడుతూ ఉంటాయి గనుక కొందరికి మేలు కలుగుతుంది, అందరికీ కాదు. వాసన మెదడులో జ్ఞాపకాలను, భావాలను కాపాడే భాగాలకు ఇతర ఇంద్రియాల కన్న దగ్గరిదారిన చేరుతుందని శరీరశాస్త్రం చెబుతున్నది. తండ్రి చొక్కాలను తల్లి ఇంకా పెట్టెలో దాచి ఉంచినదని, ఇంట్లో అందరూ వాటిని ముఖానికి ఆనించుకుంటారని, తాను మాత్రం ఆ గదిలోకి పోవడం మానినానని అతడు ఒక రాత్రి మాతో అన్నాడు. నాలుగు సీసాలతో అభ్యాసం మధ్యలో విడిచిపెట్టిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. మరునాడు మేము నిమ్మ, లవంగం, నీలగిరి నూనెలు కొనితెచ్చినాము. గులాబీకి పత్తర్‌గట్టిలోని ఒక దుకాణంనుండి అత్తరు తెప్పించినాము. ఉదయం ఫజర్ తరువాత ఒకసారి, రాత్రి దీపమార్పే ముందు ఒకసారి, వంతులవారీగా మేమే అతని ముందు మూతలు తీసినాము.

నాలుగవ నెలలో నిమ్మ కొంచెం తెలుస్తున్నదన్నాడు. లవంగం వచ్చింది గాని కాలిన రబ్బరులా వచ్చింది. ఇటువంటి వక్రతలు కోలుకొనే వారిలో కద్దని వైద్యులు ధైర్యం చెప్పినారు. గులాబీ ఇంతవరకు రాలేదు. అయితే ఈ సంక్రాంతి సెలవులకు ముందు, మాలో ఒకడు ముందురోజు తొడిగి కొయ్యకు తగిలించిన చొక్కాను అతడు తీసి ఇస్తూ, చేతి అంచు దగ్గర ఆగినాడు. రెండుసార్లు పీల్చినాడు. "తడికట్టె" అన్నాడు. మళ్ళీ పీల్చి, పోయిందన్నాడు.

సెలవులకు ఇంటికి పోయేటప్పుడు సీసాను గుడ్డలో చుట్టి తనతో తీసుకొనిపోయినాడు. అందులో ఇంకా అర అంగుళం మేర అత్తరు ఉన్నది. దానిని ఇక మేము పూసుకోవడం లేదు.